పేగుల కదలికను ఎమ్మారై ఎలా కొలుస్తుంది? పాఠకుల ప్రశ్నలు, డాక్టరు గారి జవాబులు

ప్రశ్న: డాక్టరు గారూ, మా అబ్బాయి ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. జీర్ణవ్యవస్థ మీద అక్కడి విశ్వవిద్యాలయంలో జరిగే పరిశోధనకు వాలంటీరుగా పేరిచ్చానని, ఒకరోజు అయిదు క్యాప్సూల్సు మింగి మర్నాడు ఎమ్మారై తీయించుకోవాలని ఫోనులో చెప్పాడు. ఏ జబ్బూ లేని పిల్లవాడి కడుపులో వాళ్లు ఏం చూస్తారు? మా వారికి మోకాలి ఎమ్మారై తీసినప్పుడు కదిలితే ఫిలిం పాడవుతుందని పదేపదే హెచ్చరించారు. అలాంటి యంత్రంతో కదలికనే ఎలా కొలుస్తారు? ఆ క్యాప్సూల్సు వల్ల ప్రమాదమేమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందుగా మీ రెండో సందేహం తీర్చుకుందాం, ఎందుకంటే మిగతా విషయమంతా దానిమీదే ఆధారపడి ఉంది. మోకాలి కీలులోని సన్నని పొరలు, నరాలు స్పష్టంగా కనిపించాలంటే ఒక్కో వరుస బొమ్మలకు కొన్ని నిమిషాలు పడుతుంది కాబట్టి అక్కడ కదలకూడదు. పేగుల విషయంలో సూక్ష్మమైన వివరాలు కొంత వదులుకుని, బొమ్మను సెకను లోపే తీస్తారు. ఇంత వేగానికి బాట వేసిన పద్ధతిని 1977లో ప్రతిపాదించినవారు నాటింగ్‌హామ్ భౌతికశాస్త్రవేత్త పీటర్ మాన్స్‌ఫీల్డ్. ఎమ్మారైకి సంబంధించిన కృషికి ఆయనకు, అమెరికాకు చెందిన పాల్ లాటర్‌బర్‌కు కలిపి 2003లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పేరుతో ఉన్న ఇమేజింగ్ కేంద్రం మీ అబ్బాయి చదివే విశ్వవిద్యాలయంలోనే ఉంది. ఇప్పుడు పేగుల కోసం సాధారణంగా వాడేది మరో వేగవంతమైన పద్ధతి. అందులో పేగులోని ద్రవం తెల్లగా, గోడ నల్లగా కనిపిస్తాయి. సెకనుకు ఒకటి చొప్పున తీసిన బొమ్మలను వరుసగా నడిపిస్తే, తెల్లటి గొట్టం ఒకచోట నొక్కుకుపోయి, ఆ నొక్కు ముందుకు సాగి, మళ్లీ విచ్చుకోవడం కంటితో చూడవచ్చు.

అయితే కంటితో చూడటం వేరు, కొలవడం వేరు. కొలతకు కంప్యూటరు కావాలి. మొదటి బొమ్మలోని ఒక్కో బిందువు తర్వాతి బొమ్మల్లో ఎటు జరిగింది, దాని చుట్టూ ఉన్న భాగం ఎంత సాగింది, ఎంత కుంచించుకుంది అని లెక్కగట్టి, ఆ మార్పులోని హెచ్చుతగ్గులను ఒక అంకెగా తేల్చే విధానాన్ని లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు అభివృద్ధి చేశారు. ఇక్కడ ఒక చిక్కుంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఉదరవితానం (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండరపు పొర) కిందికి దిగి పేగులన్నిటినీ తోస్తుంది కాబట్టి, అది పేగు తనంతట తాను చేసిన కదలికగా లెక్కలో చేరిపోయే ప్రమాదం ఉంటుంది. అందుకే సుమారు ఇరవై సెకన్లపాటు ఊపిరి బిగబట్టమంటారు. చిన్నపేగుకు ఆ వ్యవధి సరిపోతుంది: అది నిమిషానికి దాదాపు 8 నుంచి 12 సార్లు ముడుచుకుంటుంది గనుక ఇరవై సెకన్లలో మూడో నాలుగో ముడుపులు దొరుకుతాయి. జీర్ణాశయం నిమిషానికి మూడుసార్లే ముడుచుకుంటుంది. అంటే ఒక్క అల రావడానికే ఇరవై సెకన్లు. కాబట్టి దానికి మామూలుగా ఊపిరి పీలుస్తూనే ఎక్కువసేపు బొమ్మలు తీసి, ఊపిరి వల్ల వచ్చిన జరుగుడును ఆ తర్వాత సాఫ్ట్‌వేరుతో సరిచేయవలసి వస్తుంది.

పెద్దపేగు సంగతి మరీ కష్టం. దానిలో మలాన్ని చాలా దూరం నెట్టే బలమైన అలలు రోజుకు కొన్నిసార్లు మాత్రమే వస్తాయి. ఇరవై సెకన్లు చూసి అది కదలడం లేదనడం, గంటకొక బస్సు వచ్చే స్టాపులో ఒక్క నిమిషం నిలబడి ఈ రూట్లో బస్సులే లేవని తేల్చడం లాంటిది. అందుకని పెద్దపేగు విషయంలో రెండు దారులు తొక్కారు. ఒకటి, విరేచనానికి వాడే మాక్రోగాల్ ద్రావణాన్ని లీటరు దాకా తాగించి, పేగును కావాలనే కదిలించి చూడటం. రెండోది మీ అబ్బాయికి చెప్పినది: కదలికను నేరుగా చూడకుండా దాని ఫలితాన్ని చూడటం. మింగిన అయిదు క్యాప్సూల్సు ఇరవై నాలుగు గంటల తర్వాత ఎక్కడెక్కడికి చేరాయో, ఎన్ని బయటికి వెళ్లిపోయాయో గుర్తించి, ఒక్కో స్థానానికి ఇన్ని పాయింట్లని వేసి సగటు తీస్తారు. మలబద్ధకం ఉన్నవారిలో అవి ఇంకా పెద్దపేగు మొదటి భాగాల్లోనే ఉండిపోవచ్చు.

ఆ క్యాప్సూల్సు కరగవు. ఎమ్మారైలో మెరిసేలా గాడోలినియం అనే లోహం ఉన్న కొద్దిపాటి ద్రావణం వాటిలో సీలు చేసి ఉంటుంది. గాడోలినియం గురించి మీరు వినే జాగ్రత్తలు ప్రధానంగా నరంలోకి ఎక్కించినప్పటివి, ముఖ్యంగా మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి సంబంధించినవి. ఇక్కడ అది రక్తంలోకి చేరకుండా మలంతో వెళ్లిపోతుంది. పేగులో ఎక్కడైనా ఇరుకు ఉంటే క్యాప్సూల్ చిక్కుకునే అవకాశం ఉంటుంది కనుక, గతంలో పేగు ఆపరేషన్లు, దీర్ఘకాలపు కడుపునొప్పి వంటివి ఉంటే మీ అబ్బాయి దాచకుండా చెప్పాలి. ఎమ్మారైలో ఎక్స్‌రేల వంటి రేడియేషన్ లేదు. ఆరోగ్యవంతులనే పదేపదే పరీక్షించగలగడం ఇందువల్లనే, ఏది మామూలో తెలియకుండా ఏది జబ్బో చెప్పలేము గనుక వారి అవసరమూ ఉంది. ఉదాహరణకు, పరగడుపున తాగిన గ్లాసుడు నీళ్లలో, అంటే 240 మిల్లీలీటర్లలో, సగం జీర్ణాశయాన్ని దాటడానికి పావుగంట కూడా పట్టదని, ఆ నీరు చిన్నపేగంతా పరుచుకోకుండా అక్కడక్కడ చిన్నచిన్న మడుగులుగా నిలుస్తుందని ఇలాంటి వాలంటీర్ల బొమ్మల్లోనే కనిపించింది. మాత్రలు ఎక్కడ, ఎలా కరుగుతాయో లెక్కవేసే ఔషధ శాస్త్రవేత్తలకు ఇది చాలా విలువైన సమాచారం.

ముక్కులోంచి గొట్టం దింపి ఒత్తిడి కొలిచే మానోమెట్రీ ఇంతకంటే పాతది, ముడుపుల బలాన్ని నేరుగా చెప్పగలిగేది కూడా అదే. ఎమ్మారై ఆ ఒత్తిడిని చెప్పలేదు. కానీ గొట్టం వల్ల కలిగే ఇబ్బందే కొలతను మార్చేయవచ్చన్నది కొట్టిపారేయదగిన సందేహం కాదు. ఎక్స్‌రేలు కనుగొన్న మరుసటి ఏడాది, 1896లో, హార్వర్డులో విద్యార్థిగా ఉన్న వాల్టర్ కానన్ జంతువుల జీర్ణాశయాన్ని వాటితో చూడటం మొదలుపెట్టి, పిల్లి బెదిరినా కోపగించినా దాని జీర్ణాశయం కదలడం ఆగిపోతోందని గమనించాడు.

ప్రశ్న: నాకు క్రోన్స్ వ్యాధి (పేగుల్లో దీర్ఘకాలం వాపు తెచ్చే జబ్బు) ఉంది. ఎమ్మార్ ఎంటరోగ్రఫీ, అంటే చిన్నపేగుకు తీసే ఎమ్మారై, చేసినప్పుడు లీటరుకు పైగా తియ్యటి ద్రవం తాగించి, మధ్యలో పేగుల కదలిక ఆపడానికని ఇంజెక్షన్ ఇచ్చారు. కదలిక చూడటం మేలని చదివాను. మరి ఆపడం ఎందుకు?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: రెండూ అవసరమే, వరుస ముఖ్యం. గోడ మందం, వాపు, పుండ్లు స్పష్టంగా కనపడాలంటే పేగు నిశ్చలంగా ఉండాలి. అందుకు బస్కోపాన్ వంటి ఇంజెక్షన్ ఇస్తారు. కదలిక బొమ్మలు తీసే కేంద్రాల్లో వాటిని ఇంజెక్షనుకు ముందే తీసేస్తారు. దానివల్ల అదనంగా పట్టేది కొద్ది నిమిషాలే. వాపు ఉన్న పేగు బిరుసెక్కి తక్కువగా కదులుతుంది, వాపు తగ్గేకొద్దీ కదలిక తిరిగి వస్తుంది. చిన్నపేగు చివరి భాగం విషయంలో ఈ సంబంధాన్ని పలు అధ్యయనాలు చూపాయి. మందు పనిచేస్తున్నదీ లేనిదీ మళ్లీ మళ్లీ చూడవలసిన మీవంటివారికి, రేడియేషన్ గాని ఇంకో ఇంజెక్షన్ గాని లేకుండా దొరికే అంకె అది.

ఆ అంకెను మాత్రం ఒంటరిగా నమ్మవద్దు. ఇచ్చిన ద్రవం మొత్తం తాగకపోతే పేగు విచ్చుకోదు. విచ్చుకోని పేగు జబ్బు లేకపోయినా కదలనట్టే కనిపిస్తుంది. యంత్రాన్ని బట్టి, లెక్కించే సాఫ్ట్‌వేరును బట్టి కూడా అంకె మారుతుంది కాబట్టి, వీలైనంతవరకు ఒకే కేంద్రంలో ఒకే పద్ధతిలో తీసినవాటినే పోల్చి చూడాలి. పాత సీడీలు పారేయకండి.

ప్రశ్న: పదేళ్లుగా గ్యాసు, మలబద్ధకంతో బాధపడుతున్నాను. ఎంత ఖర్చయినా ఈ పరీక్ష చేయించుకుంటాను. రాయించుకోమంటారా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: వద్దు. మలంలో రక్తం, బరువు తగ్గడం, రక్తహీనత ఉంటే ముందు కొలనోస్కోపీ చేయించుకోవాలి. అవి లేకపోతే థైరాయిడ్, షుగరు, కాల్షియం చూపించుకుని, మీరు వాడే మందుల చీటీలన్నీ డాక్టరు ముందు పెట్టండి. నొప్పిమాత్రలు, ఐరన్ మాత్రలు, కొన్ని బీపీ మందులు మలబద్ధకాన్ని తెస్తాయి. బాగా ముక్కినా మలం రాకపోవడమే మీ బాధ అయితే, లోపం పేగు కదలికలో కాక కటి కండరాలు సడలకపోవడంలో ఉండవచ్చు. దానికి మలద్వారం వద్ద చేసే మానోమెట్రీ, అవసరమైతే పురీషనాళంలో జెల్ నింపి ముక్కమని చెప్పి తీసే ఎమ్మార్ డెఫికోగ్రఫీ ఉన్నాయి. కదలికను చూసే ఎమ్మారైలలో ఇప్పటికే చికిత్సలో స్థిరపడినది నిజానికి ఇదే. ఈ లోపం తేలితే మందులకంటే ఫిజియోథెరపీ తరహా శిక్షణ, అంటే బయోఫీడ్‌బ్యాక్, ఎక్కువ పనిచేస్తుంది.

ప్రశ్న: మా అమ్మగారికి కిందటి వారం క్యాప్సూల్ ఎండోస్కోపీ చేశారు. ఇప్పుడు నడుముకు ఎమ్మారై రాశారు. తీయించవచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఆ క్యాప్సూల్ బయటికి వెళ్లిందని తేలేదాకా తీయించకూడదు. పైన చెప్పిన అయిదు క్యాప్సూల్సుకు భిన్నంగా దీనిలో కెమెరా, బ్యాటరీ ఉంటాయి. అయస్కాంతం దగ్గర అవి ప్రమాదకరం. మలంలో పడిపోవడం మీ అమ్మగారు చూడకపోతే ఒక కడుపు ఎక్స్‌రే తీయించండి, క్యాప్సూల్ లోపల ఉంటే అందులో కనిపిస్తుంది. ఎమ్మారై గదికి వెళ్లేముందు ఈ సంగతి టెక్నీషియనుకు మీరే చెప్పండి, ఫారంలో ఆ ప్రశ్న ఉన్నా లేకపోయినా.