మీ సెట్టర్‌ని ఈనించే ముందు

మీరు అడిగింది ఇదీ: ఇంగ్లండ్‌లో ఉంటున్నారు, ఐరిష్ సెట్టర్ ఆడకుక్క ఉంది, దానికి రెండేళ్లు. స్వభావం బంగారం. చూసినవాళ్లంతా పిల్లలు పెడితే మాకొకటి ఇవ్వండి అంటున్నారు. ఒక్క ఈత తీద్దామనుకుంటున్నారు. దానికి ముందు డాగ్ షోలకి తిప్పాలా, ఏ పరీక్షలు చేయించాలి, హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి ఒక పిల్లని పంపొచ్చా అని.

మాది తెనాలి. కోవెంట్రీ దగ్గరికి వచ్చి 18 ఏళ్లయింది. సెట్టర్లతో 13 ఏళ్లుగా ఉంటున్నాం. ఇన్నేళ్లలో మా ఇంట్లో తీసింది ఒక్కటే ఈత. మీరిప్పుడున్న చోటే ఒకప్పుడు నేనూ ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

అన్నిటికంటే ముందు ఒక లెక్క వేసుకోండి. ఐరిష్ సెట్టర్ ఒక కాన్పులో ఎనిమిది, పది పిల్లల్ని పెట్టడం మామూలే. వాటిలో ఏ ఒక్కటి, ఏ వయసులో, ఏ కారణంతో వెనక్కి వచ్చినా మీ ఇంట్లో చోటుందా? లేదంటే మిగతా ప్రశ్నలు వేటికీ పోవద్దు.

ఇలా ఎందుకంటున్నానంటే, మా ఆడ సెట్టర్ మందార పిల్లల్లో ఒక మగపిల్ల 14 నెలలకి తిరిగొచ్చింది. తీసుకున్నవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. పిల్లని చూడటానికి నాలుగుసార్లు మా ఇంటికి వచ్చారు, తోట ఉంది, ఇంటి నుంచే ఉద్యోగం అన్నారు. తర్వాత ఆఫీసుకి రమ్మన్నారట. కుక్క రోజుకి తొమ్మిది గంటలు ఒంటరిగా ఉండిపోయింది. వంటింటి తలుపు కింది చెక్క మొత్తం కొరికేసింది. నేను వెళ్లి తెచ్చుకున్న రోజు కారులో వెనక సీటు మీద నిలబడే ఉంది, గంటన్నర ప్రయాణంలో ఒక్కసారి కూడా పడుకోలేదు. ముందు కాళ్ల మీద కుచ్చు వెంట్రుకలు నాకి నాకి ఎర్రగా పుండు చేసుకుంది. అది మామూలు మనిషి కావడానికి, అవును మనిషనే అంటాను, ఎనిమిది నెలలు పట్టింది.

తప్పు కుక్కది కాదు. ఈ జాతిని ఐర్లండ్‌లో కొండల మీద, బంజరు నేలల మీద మైళ్ల కొద్దీ పరిగెత్తి పక్షి వాసన పట్టడానికి తయారుచేశారు. వాసన తగలగానే ఒళ్లు నేలకి అణిచి కదలకుండా ఆగిపోతుంది కాబట్టే సెట్టర్ అన్న పేరు. తుపాకులు వాడుకలోకి రాకముందు అలా అణిగిన కుక్క మీదుగా వల విసిరి పక్షుల్ని పట్టేవాళ్లు. ఆ పని మనం చేయించకపోయినా రక్తంలో ఉన్నది ఎక్కడికి పోతుంది? మందార ఒకరోజు పొలం గట్టు దగ్గర పరుగు మధ్యలో ఠక్కున ఆగింది. తోక నిటారుగా వెనక్కి, ఒక ముందు కాలు గాల్లో, ముక్కు పుటాలు మాత్రం అదురుతున్నాయి. పదడుగుల దూరంలో గడ్డిలో కౌజుపిట్ట. ఎవరూ నేర్పలేదు దానికి. ఆ నిమిషంలో నాకు ఊపిరాడలేదు. అలాంటి జంతువుని తొమ్మిది గంటలు వంటగదిలో పెడితే తలుపే కొరుకుతుంది మరి.

ఇక షోల సంగతి. తిప్పాలి అనే నేనంటాను, కప్పుల కోసం మాత్రం కాదు. కాకిపిల్ల కాకికి ముద్దు. మన కుక్కలో లోపం మన కంటికి కనపడదు. నేను మందారని మొదటిసారి రింగ్‌లోకి తీసుకెళ్లినప్పుడు దానికి ఎనిమిది నెలలు. చింతగింజలా నిగనిగలాడే ఒళ్లు, చెవుల దగ్గర పల్చటి కత్తెరతో నేనే వెంట్రుకలు సరిచేశాను, దీన్ని మించింది లేదనుకున్నాను. జడ్జి ఒక పెద్దావిడ. తల పట్టుకుని పళ్లు చూసింది, మెడ కింద నుంచి రెండు చేతులూ భుజాల మీదికి జార్చి అక్కడ ఆపింది. వేళ్లతో భుజం ఎముక వాలు కొలిచినట్టు రెండుసార్లు నొక్కింది. నడిపించమంది. ఐదుగురిలో నాలుగో స్థానం ఇచ్చింది. అయిపోయాక వెళ్లి అడిగితే, తల, వీపు చాలా బాగున్నాయి, భుజం నిటారుగా ఉంది, అందుకే ముందు అడుగు పొట్టిగా పడుతోంది అంది. ఇంటికొచ్చి వీడియో చూసుకుంటే నిజమే. ఆ తర్వాత ముగ్గురు వేరే జడ్జిలు కూడా అదే మాట రాశారు. రెండేళ్ల తర్వాత మగకుక్కని వెతికేటప్పుడు నా చేతిలో ఉన్న విలువైన కాగితం అదే. భుజం చక్కగా వెనక్కి వాలిన వంశం నుంచే చూసుకున్నాను.

టైటిళ్ల గురించి తెలుసుకోవాలంటే: పెద్ద షోలలో ఛాలెంజ్ సర్టిఫికెట్ అని ఇస్తారు, ముగ్గురు వేర్వేరు జడ్జిల దగ్గర మూడు వస్తే షో ఛాంపియన్. సెట్టర్లు గన్‌డాగ్స్, అంటే వేటలో సాయపడే కుక్కలు కాబట్టి, ముందు షో అన్న మాట లేకుండా ఒట్టి ఛాంపియన్ అనిపించుకోవాలంటే పొలంలో పని కూడా చేసి చూపించాలి. ఈ నియమం నాకు చాలా ఇష్టం. ఇక్కడి పెద్ద డాగ్ షో క్రఫ్ట్స్‌లో 1993, 1995, 1999లో మూడుసార్లు ఐరిష్ సెట్టర్ బెస్ట్ ఇన్ షో గెలిచింది. ఆ వంశాల పేర్లు పెడిగ్రీలో, అంటే వంశవృక్షం కాగితంలో, కనపడగానే ఎగిరి గంతేయకండి, తాతముత్తాతల కప్పులు పిల్ల భుజాన్ని సరిచేయవు. ముందు మీ ఊళ్లో రింగ్‌క్రాఫ్ట్ క్లాసులు ఎక్కడ జరుగుతాయో కనుక్కోండి, సాధారణంగా విలేజ్ హాల్లోనే ఉంటాయి. వారానికి ఒక సాయంత్రం. కుక్కని నిలబెట్టడం, కొత్త మనిషి చేయి వేస్తే బెదరకుండా ఉండటం అక్కడే వస్తుంది.

పరీక్షల విషయానికొస్తే, మనకి బాగా అర్థమయ్యే పోలిక మేనరికం. రెండు తరాలు వరసగా మేనరికాలు చేసుకున్న కుటుంబాల్లో పిల్లలకి జబ్బులొస్తే డాక్టర్లు ఏం చెబుతారు? ఇద్దరిలోనూ దాగి ఉన్న ఒకే లోపం పిల్లలో కలిసింది అంటారు. జాతికుక్కలన్నీ ఒక రకంగా మేనరికపు సంతానమే. తల్లిలోనూ తండ్రిలోనూ ఒక్కో చెడ్డ కాపీ ఉంటే ఇద్దరూ ఆరోగ్యంగానే కనిపిస్తారు, పిల్లల్లో సగటున నాలుగింట ఒకటి జబ్బుతో పుడుతుంది.

ఐరిష్ సెట్టర్లలో అలాంటివి ముఖ్యంగా మూడు. మొదటిది క్లాడ్. తెల్లరక్తకణాలు ఇన్ఫెక్షన్ ఉన్న చోటికి చేరలేవు, పిల్లలు జ్వరాలతో, మానని పుండ్లతో, చిగుళ్ల వాపుతో చిన్నప్పుడే పోతాయి. రెండోది పీఆర్ఏ అనే, కంటి రెటీనా మెల్లగా పాడైపోయే జబ్బులో ఆర్‌సీడీ1 రకం, పిల్ల వయసులోనే రేచీకటితో మొదలై చూపు పూర్తిగా పోతుంది. మూడోది అదే పీఆర్ఏలో ఆర్‌సీడీ4 రకం, ఇది ముసలితనంలో ఎక్కువగా బయటపడుతుంది. గోర్డన్ సెట్టర్లలో కూడా ఉంది.

నాకు గురువులాంటి ఒక ఆంగ్లేయురాలు ఉండేవారు, 40 ఏళ్లు సెట్టర్లని పెంచిన మనిషి. 1980లలో తన ఈతలో మూడు పిల్లలు పోయాయని చెప్పేవారు. యాంటీబయాటిక్ ఇచ్చినన్నాళ్లు లేచి ఆడుకునేవట, ఆపగానే మళ్లీ జ్వరం. ఎందుకో ఎవరికీ తెలియదు. క్లాడ్‌కి కారణమైన జన్యులోపం 1999లో గానీ బయటపడలేదు. "నేను చంపుకున్నానని తెలియడానికి అన్నేళ్లు పట్టింది" అని ఆవిడ కళ్లు తుడుచుకున్నారు ఒకసారి. కళ్ల జబ్బు కథ ఇంకా పాతది. ఆర్‌సీడీ1 జన్యువు దొరికింది 1993లో. అంతకుముందు కుక్కలో ఆ లోపం దాగి ఉందో లేదో తేల్చాలంటే గుడ్డి కుక్కతో దాటించి, పుట్టిన పిల్లలకి చూపుందో లేదో చూడటమే దారి. ఇవాళ మనకి బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పి పోస్టులో పంపితే చాలు. అంత తేలికైన పనిని ఎవరైనా దాటేస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

క్లాడ్, ఆర్‌సీడీ1 విషయంలో ఇక్కడ జాతికుక్కల్ని నమోదు చేసే కెనెల్ క్లబ్ రిజిస్ట్రేషన్ దగ్గరే కట్టడి పెట్టింది కాబట్టి వాటిలో తప్పించుకోవడానికి లేదు. ఆర్‌సీడీ4 మాత్రం మన బాధ్యత. మీ కుక్క అందులో క్యారియర్, అంటే ఒక చెడ్డ కాపీ మోస్తోంది అని వస్తే గాబరా పడకండి. క్లియర్, అంటే చెడ్డ కాపీ ఒక్కటీ లేని మగకుక్కతో కలిపితే జబ్బు పిల్లలు పుట్టవు. క్యారియర్లన్నిటినీ పక్కన పెట్టేస్తే ఉన్న కాస్త వంశవైవిధ్యమూ పోతుంది.

తుంటి ఎక్స్‌రే కూడా తీయించండి. ఒక్కో తుంటికి 53 వరకు, రెండిటికీ కలిపి 106 వరకు మార్కులు వేస్తారు, ఎంత తక్కువైతే అంత మంచిది. మూర్ఛకి మాత్రం మన సెట్టర్లలో డీఎన్ఏ పరీక్ష లేదు. అది చాలా కుక్కల్లో ఏడాది నుంచి ఐదేళ్ల మధ్య మొదలవుతుంది కాబట్టి తోబుట్టువుల యజమానులకి ఫోన్లు చేసి నేరుగా అడగాల్సిందే. కడుపు ఉబ్బి మెలిపడటం ఆ వంశంలో ఎంతమందికి వచ్చిందో కూడా అడగండి, లోతైన ఛాతీ ఉన్న కుక్కలకి అది గంటల్లో ప్రాణం తీస్తుంది. మనవాళ్లు సంబంధానికి ముందు అటు ఏడు తరాలు ఇటు ఏడు తరాలు అనేవాళ్లు కదా, ఇక్కడ అక్షరాలా అదే పని. ఈ ఫోన్లకే నాకు ఐదు నెలలు పట్టింది. అందుకే మీ కుక్కకి మూడేళ్లు వచ్చేదాకా ఆగమంటాను.

కాన్పు రాత్రి ఎలా ఉంటుందో కూడా తెలియాలి మీకు. 61వ రోజు సాయంత్రం మందార ఒంటి వేడి 36.8కి పడిపోయింది. 37 కంటే తగ్గితే ఒక రోజులోపు ఈనుతుందని గుర్తు. రాత్రి 11కి మొదటిది. ఒంటిగంటన్నరకి నాలుగయ్యాయి. తర్వాత గట్టిగా ముక్కుతోంది, ఏమీ రావడం లేదు. అరగంట గడిస్తే ఫోన్ చేయమని వెట్ ముందే చెప్పారు. నేనింకో పది నిమిషాలు చూద్దామన్నాను. మా ఆయన వినకుండా కారు తీశారు. ఆయన మాటే సరైంది, ఐదో పిల్ల అడ్డం తిరిగి ఉంది. సిజేరియన్. ఒక్కో పిల్లని తీసి నర్సు మాకు తువ్వాల్లో పెట్టి ఇస్తోంది, రుద్దండి, ఆపకుండా రుద్దండి అంటోంది. నా చేతిలోది చల్లగా, తడిగా, మెత్తగా వేలాడుతోంది. ఎంతసేపు రుద్దానో తెలియదు. ఉన్నట్టుండి నోరు తెరిచి పిల్లిపిల్లలా ఒక్క కూత పెట్టింది. మా ఆయన చేతిలోది లేవలేదు. తొమ్మిదిలో ఎనిమిది బతికాయి.

మత్తు దిగాక మందార పిల్లల్ని గుర్తుపట్టలేదు, మూతి తిప్పేసుకుంది. జున్నుపాలు మొదటి రోజే పడాలి, లేకపోతే రోగనిరోధకశక్తి రాదు. దాన్ని నేను పట్టుకుంటే ఆయన ఒక్కో పిల్లని చన్నుకి అందించేవారు, రెండు గంటలకోసారి, రెండు రాత్రులు, ఒక పగలు. మెడకి రంగు ఊలు దారాలు కట్టి వంటింటి కాటా మీద రోజూ తూచేవాళ్లం. 400 గ్రాములున్నది మర్నాటికి 385 అయితే టెన్షన్‌తో నిద్ర ఉండేది కాదు. మూడో రోజు పొద్దున మందార తనంతట తానే ఒకదాన్ని నాకింది. నేను నేల మీద కూర్చుని ఏడ్చేశాను. ఆ కాన్పుకి దగ్గర దగ్గర 3,000 పౌండ్లయింది. పిల్లల మీద లాభం వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఎవరికివ్వాలన్నది మీరే తేల్చుకోవాలి. 8 వారాల లోపు పంపకూడదు, చిప్ వేయించడం మీ బాధ్యత. కెనెల్ క్లబ్ పేపర్ల మీద, దీని పిల్లల్ని రిజిస్టర్ చేయకూడదు అనే నిబంధన మీరు పెట్టొచ్చు. నేను ఎనిమిదింటికీ పెట్టాను. పరీక్షలన్నీ చేయించి చూపిస్తేనే తీస్తానని రాసిచ్చాను. అమ్మకపు కాగితంలో మొదటి వాక్యం మాత్రం "ఉంచుకోలేకపోతే మాకే తిరిగి ఇవ్వాలి". పిల్లలుంటే మాకివ్వండి అని ఇప్పుడంటున్నవాళ్లని నిజమైన గిరాకీగా లెక్కపెట్టుకోకండి. మా దగ్గర అలా అన్న 11 మందిలో చివరికి నిలబడ్డది ఇద్దరే.

తమ్ముడి గురించి సూటిగా చెబుతాను, పంపొద్దు. మే నెల ఎండలో, అపార్ట్‌మెంట్‌లో, ఇంత జుట్టున్న, ఇంత పరుగు కావాల్సిన కుక్కకి నరకం. పొద్దున ఐదున్నరకే బయటికి తీసుకెళ్లాలి, మళ్లీ రాత్రిదాకా లోపలే. పైగా అక్కడ గోమార్ల వల్ల టిక్ ఫీవర్ ఎక్కువ. ఈ కుచ్చు వెంట్రుకల్లో గోమారు దాక్కుంటే చేత్తో తడిమినా దొరకదు. అతనికి కుక్క మీద ప్రేమ ఉంటే వీధిలో పుట్టిన పిల్లని తెచ్చుకోమనండి, ఆ ఎండకి పుట్టిన ఒళ్లు దానిది.

ఇదంతా చదివాక కూడా చేయాలనే అనిపిస్తే ఈ వారం మీ కుక్క పెడిగ్రీలో తల్లిదండ్రుల పేర్లు పెట్టి కెనెల్ క్లబ్ వెబ్‌సైట్‌లో వాటి పరీక్షల ఫలితాలు చూడండి, ఆర్‌సీడీ4 పరీక్షకి స్వాబ్, అంటే ఆ దూదిపుల్ల తెప్పించుకోండి. రిపోర్టు వచ్చాక ఇక్కడే రాయండి. మగకుక్కల విషయంలో ఎవరికి ఫోన్ చేయాలో, ఏం అడగాలో నేను చెబుతాను. తిరిగొచ్చిన మా వాడు ఇది రాస్తున్నంతసేపూ నా పాదాల మీద గడ్డం ఆనించి పడుకున్నాడు, వాడికిప్పుడు ఏడేళ్లు.