దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల తర్వాత మా హాస్టల్ సందులో ఏం మారింది

మీరు అడిగింది: పెద్ద దాడి జరిగాక ప్రభుత్వం తెచ్చే చట్టాలు, కెమెరాలు, తనిఖీల వల్ల నిజంగా భద్రత పెరుగుతుందా, లేక అదంతా జనానికి కనపడటం కోసం చేసే హడావుడేనా?

నేను పోలీసునీ కాదు, ప్రొఫెసర్నీ కాదు. 2013లో హైదరాబాద్‌లో, దిల్‌సుఖ్‌నగర్ పక్కనే ఉన్న చైతన్యపురిలో ఒక బిల్డింగ్ లీజుకు తీసుకుని బాయ్స్ హాస్టల్ నడిపేవాణ్ణి. అక్కడ చూసింది చెప్తాను. నాకు అర్థమైంది ఏంటంటే, ఒక భయం పేరు చెప్పి తెచ్చిన ఏర్పాటు ఆ భయం తగ్గాక కూడా వెనక్కి పోదు. వేరే పని వెతుక్కుని అక్కడే ఉండిపోతుంది. హడావుడి అని కొట్టిపారేయలేం, అలాగని దేనికోసం తెచ్చారో దానికే పనికొచ్చిందనీ చెప్పలేం.

2013 ఫిబ్రవరి 21, గురువారం. దిల్‌సుఖ్‌నగర్‌లో గురువారం అంటే సాయిబాబా గుడి జనంతో రోడ్డు మామూలు కంటే ఎక్కువ కిక్కిరిసి ఉంటుంది. సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర నిమిషాల తేడాతో రెండు పేలుళ్లు. సైకిళ్లకు పెట్టిన బాంబులు. 18 మంది పోయారు, వంద మందికి పైగా గాయపడ్డారు. మా పిల్లలు మిర్చీ బజ్జీలకో, టీకో రోజూ వెళ్లే చోటు అది. ఫోన్లు కలవలేదు. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం నుంచి తల్లిదండ్రులు చేస్తూనే ఉన్నారు, పది సార్లకు ఒకసారి లైన్ దొరికేది, దొరికినవాడితోనే మిగతా వాళ్ల పేర్లు కూడా చెప్పించి అందరూ క్షేమం అనిపించేవాణ్ణి. మర్నాడు పొద్దున ఫస్ట్ బస్సులకే కొందరు నాన్నలు వచ్చి పిల్లల్ని తీసుకెళ్లిపోయారు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఎన్నాళ్లని ఊళ్లో కూర్చుంటారు, క్లాసులు పోతాయని మెల్లగా అందరూ తిరిగొచ్చారు. జనం భయం ఎంత వేగంగా వస్తుందో, ఫీజు కట్టేసిన కోచింగ్ ముందు అంతే వేగంగా తగ్గుతుంది. దీన్ని ధైర్యం అని పత్రికలు రాస్తాయి, నాకైతే గత్యంతరం లేకపోవడం అనిపిస్తుంది.

ఇక ప్రభుత్వం సంగతి. దాడి జరగొచ్చని రెండు రోజుల ముందే రాష్ట్రాలకు హెచ్చరిక పంపామని అప్పటి కేంద్ర హోంమంత్రి షిండే అన్నారు. అలాంటి హెచ్చరికలు మామూలుగా వస్తూనే ఉంటాయని రాష్ట్రం వైపు నుంచి జవాబు. టీవీలో దీనిమీద రోజుల తరబడి తిట్టుకున్నారు గానీ, నాకు ఇద్దరూ నిజమే చెప్పారనిపించింది. ఏ ఊళ్లో, ఏ వీధిలో అని లేని హెచ్చరికతో ఏ సీఐ అయినా ఏం చేస్తాడు? నాలుగు చోట్ల బారికేడ్లు పెడతాడు. అసలు ఈ ఏరియాకి ఇది కొత్త కూడా కాదు. 2002 నవంబరులో సాయిబాబా గుడి దగ్గరే బాంబు పేలింది. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో నలభై మందికి పైగా చనిపోయిన రాత్రి దిల్‌సుఖ్‌నగర్ ఫుట్ ఓవర్ బ్రిడ్జి దగ్గర పేలని బాంబు దొరికింది. ఆ ఏడాదే ఉగ్రవాదుల్ని ఎదుర్కోవడానికని ఆక్టోపస్ అనే పోలీసు దళం పెట్టారు. మెరికల్లాంటి కమాండోలు, కాదనను, కానీ టైమర్ పెట్టి సైకిల్ వదిలేసి వెళ్లిపోయినవాడి మీద కమాండో ఏం చేయగలడు?

2013 పేలుళ్ల తర్వాత మా దాకా వచ్చింది మాత్రం కెమెరా. ఆ ఏడాదే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా భద్రత చట్టం ఒకటి తెచ్చారు. ఒకేసారి వంద మంది, లేదా రోజుకి ఐదొందల మంది వచ్చే చోటైతే యజమానే సొంత ఖర్చుతో సీసీ కెమెరాలు పెట్టాలి, ఫుటేజీ 30 రోజులు దాచాలి. మా హాస్టల్లో అరవై మంది కూడా లేరు, లెక్కప్రకారం నాకు వర్తించదు. అయినా చుట్టుపక్కల హాస్టళ్లన్నిటితో పాటు నేనూ పెట్టించాను, ఎందుకంటే అప్పటికి పిల్లల్ని చేర్చడానికి వచ్చిన తండ్రులు మెస్‌లో కూర ఎలా ఉంటుందని అడిగే ముందు కెమెరా ఉందా అని అడగడం మొదలుపెట్టారు. తర్వాత 'నేను సైతం' అని పోలీసులు కాలనీల వాళ్లతోనే చందాలు వేయించి సందుల్లో కెమెరాలు పెట్టించారు. మా కాలనీ మీటింగ్‌లో డ్రైనేజీ పైపుకి డబ్బులు అడిగితే ముఖాలు తిప్పుకున్నవాళ్లు కెమెరాకి అక్కడికక్కడే ఇచ్చారు. మా పెద్దాయన ఒకాయన లేచి, ఈ సందులో దోమలు కుట్టి డెంగీ వచ్చినవాళ్లున్నారు, బాంబు తగిలినవాళ్లు లేరు అన్నాడు. ఆయన లెక్క కరెక్టే, కానీ డెంగీకి శత్రువు అంటూ ఒక మనిషి ముఖం ఉండదు కదా, చందా ఎలా వస్తుంది.

మరి ఆ కెమెరాలు దేనికి పనికొచ్చాయి? బైకు దొంగతనాలకి, చైన్ స్నాచింగ్‌లకి, తాగి గొడవపడ్డవాళ్లకి. బాగానే పనికొచ్చాయి, మా హాస్టల్లో లాప్‌టాప్ ఎత్తుకుపోయినవాడు కూడా వాటివల్లే దొరికాడు. దిల్‌సుఖ్‌నగర్ దాడి కేసులో నిందితుడు, ఇండియన్ ముజాహిదీన్ నాయకుడు యాసిన్ భత్కల్ మాత్రం 2013 ఆగస్టులో ఎక్కడో నేపాల్ సరిహద్దులో, నిఘా వర్గాలు నెలల తరబడి వెంటపడితే దొరికాడు. ఉగ్రవాద కేసులు చూసే ఎన్ఐఏ కోర్టు 2016 డిసెంబరులో ఐదుగురికి ఉరిశిక్ష వేసింది, తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో దాన్ని సమర్థించింది. ఇలాంటి పని జనానికి కనపడదు, ఏళ్లు పడుతుంది, కాబట్టి దాన్ని చూపించి ఎవరూ ఓట్లు అడగలేరు. బంజారాహిల్స్‌లో 2022లో ప్రారంభించిన కమాండ్ కంట్రోల్ సెంటర్ గోడ నిండా స్క్రీన్లు మాత్రం టీవీలో బాగా కనపడతాయి.

ఇంకో వైపు కూడా చెప్పాలి, ఎందుకంటే ముప్పు ఏంటన్నది ఎంత ముఖ్యమో ఎవరిని ముప్పుగా చూస్తున్నామన్నదీ అంతే ముఖ్యం. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకో ఐదుగురు. వెంటనే పాతబస్తీ ముస్లిం కుర్రాళ్లని పట్టుకెళ్లారు, కొడితే ఒప్పుకుంటారనుకున్నారు. కేసులు కోర్టులో నిలబడలేదు, తర్వాత వాళ్లలో చాలామందికి ప్రభుత్వమే నష్టపరిహారం చెక్కులిచ్చింది. ఆ పేలుడు కేసులో తర్వాత వేరే బృందాన్ని నిందితులుగా చూపించారు, 2018లో కోర్టు వాళ్లనీ నిర్దోషులుగా వదిలేసింది. అంటే మసీదులో బాంబు పెట్టిందెవరో కోర్టులో ఈరోజుకీ రుజువు కాలేదు. అయినా ఆ అనుమానం మాత్రం సమాజంలో చక్కగా నాటుకుపోయింది. 2013లో పేలుళ్లయిన నెలకి నిజామాబాద్ నుంచి ఒక ముస్లిం అబ్బాయి, గ్రూప్స్‌కి చదువుతున్నాడు, బెడ్ కోసం వచ్చాడు. నాకు అభ్యంతరం లేదు, బిల్డింగ్ ఓనర్ ఫోన్ చేసి "ఎందుకండీ లేనిపోని టెన్షన్, ఖాళీ లేదని చెప్పేయండి" అన్నాడు. ఆధార్, కాలేజీ బోనఫైడ్, ఊరి సర్పంచ్ లెటర్ అన్నీ తెచ్చాడా అబ్బాయి. నేను ఓనర్‌తో వాదించి చేర్చుకున్నాను, కానీ నా దగ్గరికి వచ్చేలోపు ఎన్ని హాస్టళ్లు ఖాళీ లేదన్నాయో వాడే లెక్క చెప్పాడు. ఏ చట్టమూ అలా చేయమని చెప్పలేదు, ఏ జీవోలోనూ లేదు.

తనిఖీలదీ అదే తంతు. తెల్లవారుజామున వందల మంది పోలీసులు బస్తీని చుట్టుముట్టి ఇల్లిల్లూ సోదా చేసే కార్డన్ సెర్చ్ చూసే ఉంటారు. మర్నాడు పేపర్లో వచ్చేది ఏంటంటే, కాగితాలు లేని బైకులు ఇన్ని, ఆటోలు ఇన్ని పట్టుకున్నాం అని. భద్రత పేరు మీద చేసే పద్ధతి ఆర్సీ బుక్కు దగ్గరికొచ్చి ఆగుతుంది. దాన్ని సమర్థించేవాళ్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు, రౌడీషీటర్లు భయపడతారంటారు, కావచ్చు. నేనూ అనేది తనిఖీ వద్దని కాదు. నగరంలో ఇన్నేళ్లుగా ఉన్నాను, గచ్చిబౌలి వైపు గేటెడ్ కమ్యూనిటీ ఒక్కదాన్లో కూడా తెల్లవారుజామున తలుపులు కొట్టి ఇలా సోదా చేసినట్టు నేను వినలేదు. మీరెక్కడైనా చూసి ఉంటే చెప్పండి, నా అభిప్రాయం మార్చుకుంటాను.