బ్యాటరీ రక్షణ బోర్డు చెడిపోయిందా?

ప్రశ్న: మా లాంతరులోని 18650 లిథియం అయాన్ సెల్‌ను కొలిస్తే 2.3 వోల్టులు ఉంది కానీ, దానికి అతికించిన చిన్న బోర్డు చివర సున్నా చూపుతోంది. బోర్డు తీసేసి నేరుగా కలపవచ్చా?

జవాబు: దయచేసి తీయకండి. లక్షణాలను బట్టి ఆ బోర్డు తన పని తాను చేసినట్టే ఉంది. ఇలాంటి వాటిలో తరచుగా కనిపించే డీడబ్ల్యూ01 అనే చిన్న చిప్ (ఐసీ) సెల్ వోల్టేజీని ఎప్పటికప్పుడు గమనిస్తూ, అది సుమారు 2.4 వోల్టులకు పడిపోగానే నెగటివ్ తీగ దారిలోని రెండు మోస్‌ఫెట్‌లలో (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్లలో) ఒకదాన్ని ఆపి లోడుకు కరెంటు అందకుండా చేస్తుంది; ఛార్జింగులో 4.3 వోల్టుల దగ్గర రెండోదాన్ని ఆపుతుంది. సరైన ఛార్జరు 4.2 వద్దే ఆగుతుంది కనుక ఈ రెండో కాపలా అవసరం అరుదు, అయినా ఛార్జరు విఫలమైన రోజున మంటను ఆపేది అదే.

ఛార్జరు కలిపితే బోర్డు సాధారణంగా మళ్లీ కరెంటును వదులుతుంది. బోర్డు లేకుండా సెల్‌ను అడుగంటా వాడితే నెగటివ్ వైపు రాగి రేకు కరిగి, తిరిగి ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి లోపల పేరుకుని షార్ట్ సర్క్యూట్‌కు దారి తీయవచ్చు. అందుకే ఒక వోల్టు కంటే కిందికి పడి చాలాకాలం ఉండిపోయిన సెల్‌ను బతికించే ప్రయత్నం నేను ఎవరికీ సలహా ఇవ్వను. మీది 2.3 వోల్టులే కనుక, ఉబ్బు లేకపోతే, మీరు దగ్గరుండి తక్కువ కరెంటుతో ఛార్జ్ చేయండి. వేడెక్కితే వెంటనే ఆపి, సెల్ మార్చండి.