సర్ఫింగ్ మొదటి పాఠంలో దెబ్బలు ఎక్కడ తగులుతాయి?

తిరుపతి నుంచి చెన్నై దగ్గరి కోవళం వెళ్లి మొదటిసారి సర్ఫింగ్ (బోర్డు మీద నిలబడి అలలపై జారే ఆట) నేర్చుకునేవాళ్లు ఏ గాయాలకు జాగ్రత్తపడాలని ఒకరు అడిగారు.

అందరూ సొరచేపకు భయపడతారు గానీ, ఎక్కువ గాయాలు సొంత బోర్డు వల్లే. అడుగున చేప రెక్కలా ఉండే ఫిన్ తొడనో తలనో కోస్తుంది. పడ్డాక బోర్డును కాలికి కట్టే తాడు, అంటే లీష్, రబ్బరులా సాగి బోర్డును మీదికే లాగుతుంది. అందుకే తల ముందు పెట్టి దూకకుండా వెల్లకిలా పడండి, రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకునే నీళ్లలోంచి పైకి రండి. మొదట్లో మెత్తటి ఫోమ్ బోర్డే అడిగి తీసుకోండి.

చాలామందికి తెలియని ప్రమాదం వెన్నుపాముది. బోర్డు మీద బోర్లా పడుకుని నడుమును వెనక్కి వంచి చాలాసేపు ఉంటే, అరుదుగా వెన్నుపాముకు రక్తం అందకుండా పోతుంది. ఇది ఎక్కువగా ఆరోగ్యంగా ఉన్న చిన్న వయసువాళ్లకు, అదీ చాలావరకు మొదటి రోజే వస్తుంది. మధ్యమధ్యలో లేచి కూర్చోండి. హఠాత్తుగా నడుంనొప్పి, కాళ్ల తిమ్మిరి, మూత్రం రాకపోవడం కనిపిస్తే వెంటనే బయటికొచ్చి దగ్గరి పెద్దాసుపత్రికి వెళ్లాలి. తిరుపతి చేరాక చూపించుకుందామని కారెక్కవద్దు.

భుజం నొప్పి తెడ్డులా చేతులు వేయడం వల్ల, మామూలుగా విశ్రాంతి చాలు. జెల్లీచేప కుడితే ఇసుకతో రుద్దకండి, సముద్రపు నీళ్లతోనే కడగండి.