కారు పెయింట్ మనమే వేసుకుంటే నిజంగా డబ్బు మిగులుతుందా?

ప్రశ్న: మా కారుకు పదేళ్లు. ఇంజిన్ బాగుంది, ఇంకో మూడు నాలుగేళ్లు వాడతాం. బానెట్, రూఫ్ మీద పైపొర తెల్లగా పెచ్చులు లేస్తోంది, తలుపులు వెలిసిపోయాయి. మంచి వర్క్‌షాప్‌లో కారంతా వేయడానికి అడిగితే, కారు అమ్మితే వచ్చే డబ్బులో మూడో వంతు చెప్పారు. చవక షెడ్డులో అందులో నాలుగో వంతుకే చేస్తామన్నారు. మా బావమరిది దగ్గర చిన్న కంప్రెసర్ ఉంది, నేనే వేసుకుందామా అనిపిస్తోంది. చేతిలో రెండు నెలల ఖర్చులకు సరిపడా డబ్బుంది. కార్డు మీద ఈఎంఐ పెట్టొచ్చా?

జవాబు: ఈఎంఐ మాత్రం వద్దండి. రెండు నెలల పొదుపు ఉన్నవాళ్లు పైపై మెరుపు కోసం అప్పు చేస్తే, రేపు టైర్లో బ్రేకులో మార్చాల్సి వచ్చినప్పుడు మళ్లీ అప్పే చేయాల్సి వస్తుంది. పెయింట్‌కు పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు తిరిగి వస్తుందన్న ఆశ కూడా పెట్టుకోకండి, పాత కారంతా కొత్తగా మెరుస్తుంటే కొనేవాళ్లకు ముందు వచ్చే అనుమానం యాక్సిడెంట్ అయిందేమోనని.

అసలు కారంతా ఎందుకు? మీరు రాసినదాన్ని బట్టి పాడైంది రెండు ప్యానెళ్లు. పెచ్చులు లేచిన క్లియర్ కోట్‌ను, అంటే రంగు మీద ఉండే పారదర్శక పైపొరను, పాలిష్ బాగుచేయదు, దాన్ని రుద్ది తీసేసి మళ్లీ వేయాల్సిందే. కానీ తలుపులు వెలిసిపోవడం వేరే సంగతి. అక్కడ ఒక చోట తడిపి చూడండి, తడి ఉన్నంతసేపు రంగు నిండుగా కనిపిస్తే రబ్బింగ్ కాంపౌండ్, పాలిష్‌తో చాలావరకు తేరుకునే అవకాశం ఉంది. ఆ పని ఇంట్లో నిక్షేపంగా చేసుకోవచ్చు, కాకపోతే ఫ్యాక్టరీ పెయింట్ మొత్తం మందం చాలా కార్లకు 100 నుంచి 150 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అందులో క్లియర్ కోట్ ఒక భాగం మాత్రమే కాబట్టి అంచుల దగ్గర గట్టిగా రుద్దకండి.

ఇక మీరే పెయింట్ వేయడం గురించి. చాలామంది డబ్బా ధర ఒక్కటే లెక్కేసుకుంటారు. ప్రైమర్, బేస్ కోట్ (అసలు రంగు), క్లియర్, దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్, థిన్నర్, పుట్టీ, రకరకాల నంబర్ల సాండ్ పేపర్లు, మాస్కింగ్ టేపు, గన్ను, గాలిలో తేమ ఆపే ఫిల్టర్ అన్నీ రాసుకుంటే చవక షెడ్డు చెప్పిన రేటుకు దగ్గరగా వచ్చేస్తుంది. చిన్న కంప్రెసర్ స్ప్రే గన్‌కు కావలసినంత గాలి ఆగకుండా ఇవ్వలేదు, రూఫ్ సగంలో ఉండగా ప్రెషర్ పడిపోతుంది, రంగు చుక్కలు చుక్కలుగా పడుతుంది. సిల్వర్ లాంటి మెటాలిక్ రంగైతే మచ్చలు మచ్చలుగా తేలుతుంది. అది తీసి మళ్లీ వేయించే ఖర్చు మొదట వేయించే ఖర్చు కంటే ఎక్కువ.

డబ్బు కంటే ముఖ్యమైనది ఇంకోటుంది. హార్డ్‌నర్ కలిపి వాడే క్లియర్‌లో సాధారణంగా ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. ఆ తుంపర పీలిస్తే ఆస్తమా రావచ్చు, ఒకసారి ఒంటికి పడకుండా అయిందంటే తర్వాత కాస్త తగిలినా ఊపిరాడని పరిస్థితి వస్తుంది. మామూలు దుమ్ము మాస్కు దీన్ని ఆపదు. పిల్లలు తిరిగే ఇంటి గ్యారేజీలో ఆ పని చేయొద్దని గట్టిగా చెబుతున్నాను.

చవక షెడ్డంటే చెడ్డ పని అని కాదు. రేటు తగ్గేది ఎక్కువగా రంగులో కాదు, రంగుకు ముందు చేసే పనిలో: సరిగ్గా రుద్దరు, లైట్లు, రబ్బర్లు ఊడదీయకుండా టేపు వేసి కొట్టేస్తారు, ఏడాదిలో ఆ అంచుల దగ్గరే ఊడటం మొదలవుతుంది. పెయింటింగ్‌లో ఎక్కువ గంటలు తినేది ఈ రుద్దుడే, అదృష్టవశాత్తూ ఓపిక ఉన్న ఎవరైనా నేర్చుకోగలిగేదీ అదే. కాబట్టి మీ శ్రమ అక్కడ పెట్టండి. వైపర్లు, రబ్బర్లు, లోగో మీరే తీయండి, పెచ్చులు లేచిన క్లియర్ అంతా రుద్ది అంచులు చేతికి తగలకుండా నున్నగా చేయండి, ప్రైమర్, స్ప్రే మాత్రం షెడ్డుకు వదలండి. ముందే మాట్లాడుకోండి, ఎందుకంటే వేరేవాళ్లు రుద్దినదానికి కొందరు గ్యారంటీ ఇవ్వరు. తలుపు పక్క స్టిక్కర్‌లాంటి చోట మీ కారు కలర్ కోడ్ ఉంటుంది, అదే రంగు వేయించండి, రంగు మారిస్తే రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పాల్సి రావచ్చు.

రూఫ్ మీద పెయింట్ కింద బుడగల్లా ఉబ్బి తుప్పు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి. మెరుపు ఆగగలదు, తుప్పు ఆగదు, రేకు చిల్లు పడితే వెల్డింగ్ దాకా వెళ్తుంది. ఆ ఒక్క ఖర్చుకు పొదుపులోంచి తీయమంటాను.

తుప్పు లేకపోతే ఈ నెల పాలిష్‌తో సరిపెట్టండి. బానెట్, రూఫ్‌కు మాత్రమే రెండు మూడు షెడ్లలో రేటు అడగండి. ఏం ఊడదీస్తారు, క్లియర్ ఎన్ని పొరలు వేస్తారు, ఊడితే ఎన్నాళ్లలోపు మళ్లీ చేస్తారు, ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి. ఏడాది కిందట వాళ్లు వేసిన కారు ఒకటి చూపించమనండి. వచ్చిన రేటును నాలుగైదు నెలలకు పంచి, నెల నెలా పక్కన పెట్టి, ఆ డబ్బు చేరాకే కారు ఇవ్వండి.