లినక్స్ వేశాక ల్యాప్‌టాప్ స్క్రీన్ మసకగానే ఉండిపోతుంది, ఎందుకు?

బ్రైట్‌నెస్ మీటలు నొక్కినా వెలుగు పెరగకపోతే, చాలావరకు లోపం స్క్రీన్‌లో లేదు, కెర్నెల్ (లినక్స్ మూల భాగం) బ్యాక్‌లైట్‌ను, అంటే తెర వెనక దీపాన్ని, నడపడానికి ఎంచుకున్న ఇంటర్‌ఫేస్‌లో ఉంది. మీట పంపిన విలువ గ్రాఫిక్స్ డ్రైవర్‌కు చేరకుండా ఫర్మ్‌వేర్ (ల్యాప్‌టాప్‌లోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) వైపున్న ఏసీపీఐ అనే పవర్ నియంత్రణ వ్యవస్థకు వెళ్తుంది. అందుకే తెరపై బ్రైట్‌నెస్ చూపే గీత కదులుతుంది, వెలుగు మాత్రం మారదు.

ఉదాహరణకు ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న ఉబుంటులో సిస్, క్లాస్, బ్యాక్‌లైట్ ఫోల్డర్లు వరుసగా తెరవండి. అక్కడ 'ఇంటెల్_బ్యాక్‌లైట్' లేకుండా 'ఏసీపీఐ_వీడియో0' ఒక్కటే ఉంటే, గ్రబ్ (లినక్స్‌ను బూట్ చేసే ప్రోగ్రామ్) సెట్టింగ్స్ ఫైల్‌లో 'క్వైట్ స్ప్లాష్' పక్కన, కొటేషన్ గుర్తు మూసేలోపే 'ఏసీపీఐ_బ్యాక్‌లైట్=నేటివ్' అని (ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, ఖాళీ లేకుండా) చేర్చండి. తర్వాత గ్రబ్‌ను అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేయాలి. అప్‌డేట్ మరిచిపోతే ఈ మార్పు పనిచేయదు.

ఎక్స్‌రాండర్ అనే డిస్‌ప్లే కమాండ్‌తో బ్రైట్‌నెస్ పెంచితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది గామాను, అంటే బొమ్మలోని రంగుల విలువలను, మాత్రమే మారుస్తుంది. వెనక దీపం అంతే మసకగా ఉంటుంది, పైగా లేత రంగులు వెలిసిపోతాయి.