పక్షవాతం తర్వాత మళ్లీ వాయించగలరా? ఆస్కార్ పీటర్సన్ వాయించారు

మీ నాన్నగారు ముప్పై ఏళ్లు భజనల్లో హార్మోనియం వాయించారని, నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయాక పెట్టెను అటకెక్కించేశారని రాశారు. ఇలా అయ్యాక మళ్లీ వాయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఉన్నారండీ. నేనూ ఆ దారిన నడిచినవాణ్నే కాబట్టి రాస్తున్నాను.

పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయించేవాణ్ని. 2015లో ఒక పొద్దున ముఖం కడుక్కుంటుంటే మగ్గు ఎడమ చేతిలోంచి జారిపోయింది. ప్రాణం దక్కింది, చెయ్యి దక్కలేదు. రెండు నెలలకు మా ఆవిడ కీబోర్డ్ తెచ్చి ముందు పెట్టింది. చిటికెనవేలితో ఒక్క మెట్టు నొక్కుదామంటే నాలుగు వేళ్లూ కలిసి ధబ్బున పడ్డాయి. గుడ్డ కప్పేసి పడుకున్నాను. ఆ వారమే మా గిటారిస్ట్ ఫోన్‌కి ఒక వీడియో పంపాడు. పెద్ద వయసు మనిషి, భారీ శరీరం, పియానో ముందు కూర్చుని కుడి చేత్తోనే దాదాపు పాటంతా నడిపిస్తున్నాడు. ఎడమ చెయ్యి అప్పుడప్పుడూ వచ్చి ఒక్క మాట చెప్పి వెళ్లినట్టు రెండు స్వరాలు వేసి ఆగుతోంది. ఆయనే జాజ్ సంగీతంలో పేరుమోసిన పియానిస్ట్ ఆస్కార్ పీటర్సన్.

1925లో కెనడాలోని మాంట్రియల్‌లో పుట్టారు. తండ్రి రైళ్లలో పోర్టర్. డ్యూటీకి వెళ్లేముందు పిల్లలకు పాఠం ఇచ్చి, తిరిగొచ్చాక అప్పజెప్పించుకునేవారు. ఆస్కార్ చిన్నప్పుడు ట్రంపెట్ కూడా ఊదేవారు. ఏడేళ్ల వయసులో క్షయ రావడంతో అది ఆగిపోయి, పియానో ఒక్కటే మిగిలింది. కుర్రతనంలో కాస్త గర్వం తలకెక్కిన రోజుల్లో తండ్రి ఆర్ట్ టేటమ్ అనే మేటి జాజ్ పియానిస్ట్ రికార్డు వినిపించారు. అది విని ఆస్కార్ ఇద్దరు కలిసి వాయిస్తున్నారని అనుకున్నారట. ఒక్కడేనని, పైగా అతనికి చూపు దాదాపు లేదని తెలిశాక కొన్ని వారాలు పియానో జోలికే పోలేదు. మూసేసి మళ్లీ తెరవడం ఆయనకు అప్పుడే అలవాటైందని నాకనిపిస్తుంది.

1949లో న్యూయార్క్ కార్నెగీ హాల్లో వాయించాక ప్రపంచమంతా తెలిసింది. ఆయన వేళ్ల వేగం తెలియాలంటే 1950లలో బాస్ (కింది స్వరాలు పలికించే పెద్ద తీగ వాద్యం) వాయించే రే బ్రౌన్, గిటారిస్ట్ హెర్బ్ ఎల్లిస్‌తో చేసిన రికార్డింగులు వినండి. ఇంకో సంగతి: ఆయనకు చిన్న వయసు నుంచే కీళ్లవాతం. తర్వాతి కాలంలో చొక్కా గుండీ పెట్టుకోవడమే కష్టమయ్యేది, పియానో మాత్రం ఆగలేదు.

1993లో పక్షవాతం వచ్చి ఎడమ పక్క బలహీనపడింది. సుమారు రెండేళ్లు వేదికకు దూరంగా ఉన్నారు. 1995 నుంచి మళ్లీ కచేరీలు, రికార్డింగులు. ఎడమ చెయ్యి పాతలా మాత్రం కాలేదు. కుడి చేతిని నమ్ముకుని, మిగతా భారం బాస్‌కి, గిటార్‌కి వదిలారు. 2007 డిసెంబరులో కన్నుమూసే ముందు ఏడాది వరకూ వాయించారు.

అందరికీ ఇలాగే అవుతుందని చెప్పను. కీత్ జారెట్ అంతటి పియానిస్టుకు 2018లో రెండుసార్లు స్ట్రోక్ వచ్చింది. ఎడమ చెయ్యి సరిగా తిరిగి రాలేదు, ఆయన మళ్లీ కచేరీలకు రాలేదు. అందుకే నాన్నగారితో ‘అంతా మామూలైపోతుంది’ అనకండి. నాతో అలా అన్నవాళ్లందరి మీదా నాకు కోపమొచ్చేది.

నా మటుకు నాకు పనికొచ్చింది ఇదీ. రోజూ ఫిజియోథెరపీ అయ్యాక, చెయ్యి వేడి మీదున్నప్పుడు పది నిమిషాలు, పాటలు కాకుండా ఒక్కో వేలితో ఒక్కో మెట్టు. ఆర్నెల్లకు చిటికెనవేలు విడిగా పడింది. ఇప్పుడు ఎడమ చేత్తో కార్డ్ (ఒకేసారి కలిపి నొక్కే మూడు నాలుగు స్వరాలు) మొత్తం పట్టను, కింది స్వరం ఒక్కటే పట్టుకుంటాను. మిగతాది మా గిటారిస్ట్ చూసుకుంటాడు.

మీ నాన్నగారికి నాకంటే ఒక వీలుంది. హార్మోనియంలో మెట్లు కుడి చేతివి, ఎడమ చేతి పని గాలి కొట్టడమే. పెట్టె అటక మీంచి దించి, తుడిచి, గాలి కొట్టడానికి మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టండి. మొదట్లో గాలి ఎక్కువతక్కువలై పెట్టె మూలుగుతుంది, పిల్లాడికి నాలుగు రోజుల్లో లయ దొరుకుతుంది. ముందు ఆయనకు బాగా నోటికొచ్చిన భజన ఒక్కటి, పల్లవి వరకే వాయించమనండి.